నాయకుడు సెలవు పుచ్చుకొన్న వేళ
(ప్రసంగ పాఠం)

ఒక నాయకుడు పదవిలోనికి వచ్చిన రోజు ఎట్లా ఉంటుందో మనకందరికీ తెలుసు. మేళతాళాలు, పూలదండలు, ఊరేగింపులు. ఆయన రాజకీయాలనుండి సెలవు తీసుకొన్న రోజు ఎట్లా ఉంటుందో మాత్రం చాలామందికి జ్ఞాపకం ఉండదు. తనంత తాను వెళ్ళేవారు అరుదు కావడమే అందుకు కారణం. ఓటర్లు పంపివేస్తే వెళ్ళేవారు కొందరు, పార్టీ టిక్కెట్టు ఇవ్వకపోతే వెళ్ళేవారు కొందరు, కాలుడు పిలిస్తేనే వెళ్ళేవారు ఇంకా కొందరు. ఈ భేదాన్ని తెలపడానికి మన భాషలో చక్కని మాటలే ఉన్నవి. ఒకరు ‘తప్పుకొన్నారు’ అంటాము. మరొకరిని ‘తప్పించారు’ అంటాము. ఎవరైనా పెద్దమనిషి నిజంగానే తప్పుకొన్నప్పుడు కూడా, అరుగుమీద కూర్చున్నవారు ముందుగా వేసే ప్రశ్న, ‘ఎవరు తప్పించారు?’ అనే.

నాయకుడు సెలవు తీసుకొన్నప్పుడు ప్రజలు ఏమంటారు, ఆ మాటలకు విలువ ఎంత, అనే విషయాన్ని ఈ ప్రసంగంలో పరిశీలించదలచాను. ఇందుకు నేను ఎన్నుకొన్న ఉదాహరణ దూరదేశానిది. అడవులను, నదులను, గాలిని, నీటిని కాపాడడమే ప్రధానాశయంగా పెట్టుకొన్న ఒక పార్టీని దీర్ఘకాలం నడిపి, తనంత తానుగా రాజకీయాలనుండి విరమించుకొన్న నాయకుడాయన. ఆస్ట్రేలియాలోని గ్రీన్స్ పార్టీకి, అనగా హరిత పక్షానికి, నాయకుడైన బాబ్ బ్రౌన్. ఆయన కథ మన వేటపాలెం, చీరాల ప్రాంతాల వారికి ఏ విధంగా సంబంధిస్తుందో చివరకు మనవి చేస్తాను.

బ్రౌన్ 1944లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో జన్మించారు. వృత్తిరీత్యా వైద్యుడు. 1972లో ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపానికి వెళ్ళి, లాన్సెస్టన్ పట్టణంలో వైద్యవృత్తి ప్రారంభించారు. అదే సంవత్సరంలో ఆ ద్వీపంలో పెడ్డర్ అనే సుందరమైన సరస్సు, జలవిద్యుత్ పథకం కోసం కట్టిన ఆనకట్టల నీటిలో మునిగిపోయింది. దానిని కాపాడడానికి ప్రయత్నించి విఫలులైన వారు కలసి ఒక రాజకీయ పక్షాన్ని స్థాపించారు. ప్రకృతి రక్షణ కోసమే ఏర్పడిన పార్టీలలో ప్రపంచం మొత్తంమీద అదే మొదటిదని చెప్పుకొంటారు. సరస్సు దక్కలేదు గాని, ఆ ఓటమినుండి ఒక ఉద్యమం పుట్టింది.

కొద్దికాలానికే ఫ్రాంక్లిన్ అనే నది వంతు వచ్చింది. ఆ నది గోర్డన్ నదిలో కలిసే చోటికి దిగువన ఆనకట్ట కట్టాలని అక్కడి విద్యుత్ సంస్థ నిశ్చయించింది. నాగార్జునసాగర్ కుడి కాలువ నీటితో పైరులు పండించుకొనే మన శ్రోతలకు, ఆనకట్టను వద్దనడం వింతగా తోచవచ్చును. నీరు రావడమంటే మనకు అన్నం రావడమే. కాని అక్కడి ఆనకట్ట పొలాల కోసం కాదు, విద్యుత్తు కోసం. అది వస్తే, మనుష్యుడు చేయి పెట్టని అడవి, ఆదిమానవులు నివసించిన గుహలు నీటి పాలవుతవి. బ్రౌన్ 1976లో ఒక చిన్న తెప్పమీద ఆ నది పొడవునా ప్రయాణం చేసి వచ్చినవారు. ఆ తరువాత ఆయన వైద్యవృత్తిని విడిచి ఉద్యమంలో నిలిచారు.

1981 డిసెంబరులో ప్రభుత్వం ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. ఓటు కాగితంపైన రెండు ఆనకట్టల పేర్లు మాత్రమే ఉన్నవి. ఏదో ఒకటి కోరుకోవలసిందే తప్ప, రెండూ వద్దనే వీలు లేదు. అయినా ఓటు వేసినవారిలో సుమారు మూడవ వంతు మంది, కాగితంమీద స్వహస్తాలతో ‘ఆనకట్టలు వద్దు’ అని వ్రాసి పెట్టెలో వేశారు. లెక్కలలో ఆ ఓట్లు చెల్లలేదు. కాని చెల్లని ఆ ఓట్ల మాటే చివరకు చెల్లింది.

1982 డిసెంబరులో నది ఒడ్డున సత్యాగ్రహం మొదలయింది. సత్యాగ్రహమనే మాట నేను కావాలనే వాడుతున్నాను. యంత్రాలకు అడ్డంగా నిలిచి, చేయి ఎత్తకుండా అరెస్టు కావడమే వారి పద్ధతి. పన్నెండు వందలమందికి పైగా అరెస్టయ్యారు. బ్రౌన్ 19 రోజులు చెరసాలలో ఉన్నారు. విడుదలైన మరునాడే టాస్మేనియా శాసనసభలో ఖాళీ అయిన స్థానంలో సభ్యుడయ్యారు. 1983 మార్చిలో జరిగిన ఎన్నికలలో కేంద్ర ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆనకట్టను నిషేధించగా, వ్యవహారం దేశపు అత్యున్నత న్యాయస్థానానికి వెళ్ళింది. 1983 జులై 1న ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు కేంద్రం పక్షాన, ముగ్గురు రాష్ట్రం పక్షాన తీర్పు చెప్పారు. ఒక్క న్యాయమూర్తి తేడాతో నది నిలిచింది. సరిగా ఆ కాలంలోనే మన దేశంలో కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ముంచబోయిన జలవిద్యుత్ పథకాన్ని విరమించడం, 1984లో ఆ అడవిని జాతీయవనంగా ప్రకటించడం జరిగింది. రెండు దేశాలలోను ఒకే గాలి వీచిందనుకోవాలి.

ఆ తరువాతి చరిత్రను సంగ్రహంగా చెబుతాను. 1989 ఎన్నికలలో, 35 స్థానాలున్న టాస్మేనియా సభలో, ఆయన పక్షంవారు అయిదు స్థానాలు గెలిచి, ఏ ప్రభుత్వమైనా తమ మద్దతు లేనిదే నిలువలేని స్థితి కల్పించారు. 1996లో ఆయన కేంద్ర పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌కు ఎన్నికయ్యారు. 2003లో అమెరికా అధ్యక్షుడు బుష్ పార్లమెంటులో ప్రసంగిస్తుండగా లేచి అడ్డు ప్రశ్న వేసి, ఒక రోజు సభనుండి సస్పెండయ్యారు. 2010 ఎన్నికలలో ఏ పెద్ద పార్టీకి ఆధిక్యం రాకపోవడంతో, ప్రధానమంత్రి జూలియా గిలార్డ్ ప్రభుత్వానికి ఆయన పార్టీ మద్దతు అవసరమైంది. ఆ ఒప్పందానికి ఫలంగా, బొగ్గుపులుసు వాయువును వదలే పరిశ్రమలు అందుకు మూల్యం చెల్లించాలనే చట్టం 2011 నవంబరులో వచ్చింది.

అంటే, పలుకుబడి పతాకస్థాయిలో ఉన్నప్పుడే, 2012 ఏప్రిల్ 13న, తాను పార్టీ నాయకత్వాన్ని వదలుతున్నానని, జూన్ నెలలో సెనేట్‌నుండి కూడ వెళ్ళిపోతానని బ్రౌన్ ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు 67. మరొకసారి నిలిచి, గెలిచి, పదవీకాలమంతా ఉంటే డెబ్బయి అయిదేండ్లు వచ్చి ఉండేవి. అదే రోజున పార్టీ సభ్యులు సమావేశమై, టాస్మేనియాకు చెందిన క్రిస్టీన్ మిల్న్‌ను నాయకురాలిగా ఎన్నుకొన్నారు.

ఇక ప్రజలు ఏమన్నారు? ఇక్కడ మన భారతకథ ఒకటి జ్ఞప్తికి వస్తున్నది. యుద్ధం ముగిసిన చాలా ఏండ్లకు ధృతరాష్ట్రుడు అడవికి వెళ్ళదలచి, హస్తినాపుర పౌరులను పిలిపించి సెలవు అడుగుతాడు. తనవల్ల, తన కుమారులవల్ల జరిగిన తప్పులను మన్నించమంటాడు. ప్రజలు కన్నీరు పెట్టుకొంటారు. వారి పక్షాన ఒక విప్రుడు లేచి, నీవల్ల మాకు లోపం కలుగలేదనే బదులిస్తాడు. ఇన్ని కష్టాలకు కారణమైన వంశపెద్దకు ఆ మాట ఎట్లా చెప్పగలిగారని మనకు అనిపిస్తుంది. కాని వెళ్ళేవానిని నిలదీయకపోవడం పౌరుల మర్యాద. సెలవు రోజు పలుకులలో మర్యాద పాలు ఎంతో, తీర్పు పాలు ఎంతో వేరుచేసి చూసుకోవాలి.

బ్రౌన్ విషయంలోను అట్లాగే జరిగింది. వచ్చిన స్పందనలను నాలుగు తెగలుగా విభజించవచ్చును. మొదటిది కృతజ్ఞత. నది ఒడ్డున అరెస్టయిన తరంవారు, ఆ తరువాత పుట్టి ఆ కథ విని పెరిగినవారు, ఒక యుగం ముగిసిందని బాధపడ్డారు. రెండవది రాజకీయ మర్యాద. ప్రధానమంత్రి ఆయనను కొనియాడారు. ఆయన అభిప్రాయాలతో ఏకీభవించనివారు సైతం ఆయన పట్టుదలను ఒప్పుకొన్నారు. మూడవది అనుమానం. ఇంత మంచి స్థితిలో ఎందుకు వెళ్ళుతున్నాడు, లోపల ఏదో ఉన్నదని కొందరు. ఆయన లేనిదే ఆ పార్టీ బ్రతుకదని మరికొందరు. ఈ రెండవ మాటకు ఆధారం లేకపోలేదు. ఆ దేశంలోనే 1977లో స్థాపితమై, సెనేట్‌లో దీర్ఘకాలం మూడవ శక్తిగా నిలిచిన డెమొక్రాట్ల పార్టీ, నాయకత్వ కలహాలలో చితికి, 2008 నాటికి పార్లమెంటులో ఒక్క సభ్యుడు కూడ లేకుండా పోయింది.

నాలుగవ తెగ స్పందనను మనం తేలికగా తీసివేయరాదు. అది ఊరట. టాస్మేనియాలో చెట్లు నరకడం, కలప కోయడం మీద బ్రతికే కుటుంబాలు ఎన్నో ఉన్నవి. వారి దృష్టిలో బ్రౌన్ అడవిని రక్షించిన మహానుభావుడు కాడు, తమ కూటికి అడ్డుపడిన పట్టణవాసి. 1986లో ఒక అడవిలో చెట్ల నరికివేతకు అడ్డు నిలిచినప్పుడు ఆయనమీద తుపాకి పేలింది, దౌర్జన్యం జరిగింది. ఆ హింసను ఎవరూ సమర్థించరు. కాని దాని వెనుకనున్న భయం నిజమైనది. రేపు పని ఉంటుందా అనే భయం అది. ప్రకృతిని కాపాడుదామనే నాయకుడు ఎంత గొప్పవాడైనా, ఆ భయానికి సమాధానం చెప్పవలసే ఉంటుంది.

ఇది మనకు తెలియని సంగతి కాదు. మన సముద్రతీరంలో రొయ్యల చెరువులు వచ్చినప్పుడు కొందరికి పని దొరికింది, కొందరికి బావులలో నీరు ఉప్పదేలింది. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీరాన నిషిద్ధ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన తీరానికి కూడ వర్తించింది. దానిని విని సంతోషించిన రైతులు ఉన్నారు, తలపట్టుకొన్న రైతులూ ఉన్నారు. చివరకు 2005లో, తీరప్రాంతపు చెరువులను క్రమపరచడానికి పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. ఇటువంటి వివాదాలలో ఒక పక్షం కేవలం మంచిది, మరొకటి కేవలం చెడ్డది అనుకొంటే దారి దొరకదు.

సరే, ఆనాటి నాలుగు విధాల మాటలలో ఏది నిజమైంది? ఇందుకు సాక్ష్యం సెలవునాటి పత్రికలలో దొరకదు, తరువాతి సంవత్సరాల పత్రికలలో దొరుకుతుంది. 1918లో స్థాపితమై, 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసిన భవనంతో ప్రసిద్ధికెక్కిన మన వేటపాలెం సారస్వత నికేతనం, పాత పత్రికలను పదిలపరచి పెట్టుకొన్న గ్రంథాలయం. ఒక నాయకుని గురించి ఒకనాటి సంపుటంలో చదివి, పదేండ్ల తరువాతి సంపుటం కూడ తెరచి చూసినవారికి ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఆనాటి పొగడ్త, ఆనాటి నింద రెండూ వెలిసిపోయి, నిలిచిన పని ఏదో అది మాత్రం కనిపిస్తుంది.

బ్రౌన్ వెళ్ళిన మరుసటి సంవత్సరం, 2013 ఎన్నికలలో, ఆయన పార్టీకి సెనేట్ ఓట్లు నూటికి పదమూడునుండి తొమ్మిదికి లోపు పడిపోయినవి. అనుమానించినవారు తలలూపారు. 2014లో కొత్త ప్రభుత్వం బొగ్గుపులుసు వాయువుపై మూల్యం చట్టాన్ని రద్దు చేసింది. మళ్ళీ తలలూపారు. కాని 2022 ఎన్నికలలో అదే పార్టీ దిగువ సభలో నాలుగు స్థానాలు, సెనేట్‌లో పన్నెండు స్థానాలు కలిగి, అంతకు ముందెన్నడూ లేనంత బలం పొందింది. 2025లో దిగువ సభలో మూడు స్థానాలు పోయినవి, అప్పటి నాయకుడే ఓడిపోయాడు. సెనేట్‌లో మాత్రం పట్టు నిలిచింది. ఆటుపోట్లు వచ్చినవి గాని, ఓడ మునగలేదు. ఒక మనిషి లేనిదే బ్రతుకదన్న పార్టీ, ఆ మనిషి వెళ్ళిన తరువాత ముగ్గురు నలుగురు నాయకులను చూసింది. చట్టం రద్దయింది, ఓట్లు పెరిగినవి, తరిగినవి. ఫ్రాంక్లిన్ నది మాత్రం ఈనాటికీ ఆనకట్ట లేకుండానే ప్రవహిస్తున్నది.

దీనికి ప్రక్కన మన ఇంటి ముంగిటి చరిత్రను పెట్టి చూద్దాము. 1921లో చీరాల, పేరాల ప్రజలు, పురపాలక సంఘం పేరుతో తమపై మోపిన పన్నుల భారాన్ని ఎదిరించి, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన, ఇండ్లు వాకిళ్ళు విడిచి, ఊరి వెలుపల రామనగరమనే పందిళ్ళ పల్లె కట్టుకొని సుమారు పదకొండు నెలలు నివసించారు. అంతటి త్యాగం లోకంలో అరుదు. కాని నాయకుడు చెరసాల పాలైన తరువాత, ఆ స్థానంలో నిలిచి నడపగలవారు లేక, చేతిలో డబ్బు లేక, ఎండకు వానకు ఓర్చి ఓర్చి, జనం మెల్లగా ఇండ్లకు మరలివచ్చారు. దానిని అపజయమని నేను అనను. ఆ కీర్తి ఈనాటికీ మన ప్రాంతానికి అలంకారమే. కాని ఒక్క దీపంమీద ఇల్లంతా ఆధారపడితే, గాలి వీచిన రాత్రి ఏమవుతుందో ఆ చరిత్ర మనకు నేర్పింది.

నాయకులు వెళ్ళే రీతులు కూడ మన గుంటూరు సీమలో పలువిధాలు. ఆచార్య రంగాగారు 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టి, నడుమ విరామాలున్నా 1991 వరకు, తొంభై ఏండ్ల వయస్సు నిండేదాకా, పార్లమెంటులో రైతు పక్షాన మాట్లాడారు. చివరి మూడు పర్యాయాలు గుంటూరు ఓటర్లే ఆయనను పంపారు. వావిలాల గోపాలకృష్ణయ్యగారి దారి వేరు. 1952 మొదలు నాలుగుసార్లు సత్తెనపల్లినుండి శాసనసభకు ఎన్నికైన ఆయన, సభ వెలుపలికి వచ్చిన తరువాతనే ఎక్కువ కాలం ప్రజాసేవ చేశారు. 1974లో అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. మద్యనిషేధం కోసం ఊరూరా తిరిగారు. 2003లో కన్నుమూసేవరకు ఆయన చేతిసంచీ దించలేదు. ఒకరు ఆనకట్ట కోసం పాటుపడవచ్చు, ఒకరు ఆనకట్ట వద్దని పాటుపడవచ్చు. నందికొండ ప్రాజెక్టు కోసం పోరాడిన వావిలాలగారికి, ఫ్రాంక్లిన్ నది కోసం పోరాడిన బ్రౌన్‌కు ఈ ఒక్క విషయంలో పోలిక ఉన్నది. పదవి ముగియడం, పని ముగియడం ఇద్దరికీ ఒకటి కాలేదు.

బ్రౌన్ సెలవు తీసుకొని ఏం చేశారు? 1970 దశకంలో తాను కొనుక్కొన్న లిఫీ లోయలోని ఇంటిని, స్థలాన్ని, 2011లోనే ప్రకృతి సంరక్షణ సంస్థకు దానం చేశారు. 2012లో తన పేరుతో ఒక సంస్థను నెలకొల్పి ఉద్యమం సాగించారు. 2016 జనవరిలో, 71 ఏండ్ల వయస్సులో, లపోయ్నియా అనే అడవిలో నరికివేతకు అభ్యంతరం తెలుపుతూ మళ్ళీ అరెస్టయ్యారు. ఆందోళనలను అణచడానికి టాస్మేనియా చేసిన కొత్త చట్టంక్రింద పెట్టిన కేసు అది. ఆయన ఆ చట్టాన్నే సవాలు చేయగా, 2017 అక్టోబరులో అత్యున్నత న్యాయస్థానం అందులోని ముఖ్యభాగాలు చెల్లవని తీర్పిచ్చింది. మన పూర్వులు చెప్పిన వానప్రస్థం అడవికి వెళ్ళి మౌనంగా ఉండడం. ఈయన వానప్రస్థం అడవికి వెళ్ళి దాని పక్షాన మాట్లాడడం.

అట్లాగని విశ్రాంతి తీసుకొన్న పెద్దలు చేసేదంతా ఒప్పు అనుకోనక్కరలేదు. 2019లో, క్వీన్స్‌లండ్ రాష్ట్రంలో భారతీయ సంస్థ అయిన అదానీవారు తవ్వదలచిన బొగ్గు గనికి వ్యతిరేకంగా ఆయన వాహనయాత్ర నడిపారు. గనిపనిమీద ఆశ పెట్టుకొన్న అక్కడి పట్టణాలవారు దానిని తమపై దండయాత్రగా భావించారు. ఆ ఎన్నికలలో, ఆ ప్రాంతంలో, గనిని సందేహించిన పక్షానికి నష్టం కలిగింది. అందుకు ఆ యాత్రే కారణమని విమర్శించినవారు ఉన్నారు. కలప కూలీల భయానికి ఇవ్వవలసిన సమాధానం, గని కూలీల విషయంలోను మిగిలే ఉన్నదన్నమాట.

శ్రోతలారా, మన వేటపాలెం ఇసుకభూములలో సరుగుడు తోపులు, జీడిమామిడి తోటలు ఉన్నవి. తుపాను వచ్చినప్పుడు గాలికి ఎదురు నిలిచే మొదటి వరుస అవే. మగ్గం గోతిలో కూర్చొన్న నేతగానికి, వల లాగే బెస్తవానికి, జీడిగింజలు ఒలిచే స్త్రీకి, త్రాగే నీరు ఆ ఇసుకక్రిందనుండే వస్తుంది. వీటి మంచిచెడ్డలు చూసేవారు ఏ పార్టీలోనైనా ఉండవచ్చు, ఏ పార్టీలో లేకపోనూవచ్చు. అటువంటివారు ఒకనాడు అలసి, ‘ఇక నేను సెలవు తీసుకొంటాను’ అన్నప్పుడు, దండ వేయండి, మంచి మాట చెప్పండి. ధృతరాష్ట్రునికే హస్తినాపుర ప్రజలు ఆ మర్యాద చేశారు.

కాని ఆ సభలోనే, దండలు వాడిపోకముందే, రెండు ప్రశ్నలు అడగడం మరువరాదు. ఆయన చూస్తూ వచ్చిన చెరువును, కాలువను, తోపును రేపటినుండి ఎవరు చూస్తారు? ఆ పనివల్ల ఉపాధి పోతుందని భయపడుతున్న కుటుంబానికి ఎవరు ఏమి చెబుతారు? ఈ రెండింటికి సమాధానం చెప్పగల మనుష్యులు ఆ సభలో లేచి నిలుచుంటే, వెళ్ళే పెద్దమనిషి నిశ్చింతగా వెళ్ళవచ్చును. ఎవరూ లేవకపోతే, ఆయనను మరి నాలుగు రోజులు ఉండమనడమే న్యాయం. ఆ నాలుగు రోజులలో ఆయన దగ్గర పని నేర్చుకోవలసిన బాధ్యత మనది.